ఆకురాలు కాలంలో అద్దె గది

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఆగస్టు చివర మొదలై డిసెంబరు నడిమికి ముగిసే సెమిస్టర్‌ను ‘ఫాల్’ అంటారు. మనవాళ్లలో ఎక్కువమంది విమానం దిగేది ఈ సెమిస్టర్‌కే. 2023-24లో ఆ దేశంలో చదువుకుంటున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. వారిలో తెలుగువారి పాలు ఎంత పెద్దదో తెలియాలంటే జులై, ఆగస్టు నెలల్లో శంషాబాద్ విమానాశ్రయం బయట ఒక రాత్రి నిలబడితే చాలు. ఆ విద్యార్థుల దినచర్య గురించి మన దగ్గర వినిపించేవి రెండే కబుర్లు: రంగు మారిన మేపుల్ చెట్ల కింద ఫొటోలు, కాకుంటే డాలరు ధర, వీసా కష్టాలు. ఈ రెంటి మధ్య ఒక సంగతి జారిపోతోంది. ఊళ్లో వదిలి వచ్చామనుకున్న కులం ఆ మొదటి కొద్ది వారాల్లోనే విద్యార్థి జీవితంలో మళ్లీ తన చోటు తాను చూసుకుంటుంది.

అది ముందుగా అడుగుపెట్టేది గదిలోకి. క్యాంపస్ వసతి ఖర్చు భరించలేక మన పిల్లలు బయట రెండు పడకగదుల ఇల్లు తీసుకుని ఐదారుగురు సర్దుకుంటారు. హాల్లో పరుపు వేసుకునేవారికి అద్దె కాస్త తక్కువ. ఈ ఏర్పాటంతా బయలుదేరే ముందే వాట్సాప్ గ్రూపుల్లో జరిగిపోతుంది. ‘శాకాహారులకు మాత్రమే’ అన్న ప్రకటన అక్కడ మామూలే. అది కేవలం ఆహారపు అలవాటే కావచ్చు, ప్రతిసారీ అనుమానించనక్కర్లేదు. కానీ ఆ తర్వాత వచ్చే ప్రశ్నల వరుస గమనించండి: ఇంటిపేరేమిటి? ఇంటర్ ఎక్కడ? ఎంసెట్ ర్యాంకెంత? ఏ కాలేజీలో సీటు వచ్చింది? ‘మీరేమిట్లు?’ అని మొహం మీద అడిగే పాతతరం మొరటుదనం ఇప్పుడు లేదు, అవసరమూ లేదు. ర్యాంకునూ కాలేజీనీ పక్కపక్కన పెడితే రిజర్వేషన్ సీటో కాదో తేలిపోతుంది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివానంటే ఇక అడగడానికేమీ మిగలదు. ఫీజు ఎలా కడుతున్నావన్న ప్రశ్న ఇంకా చిక్కుది. తెలంగాణలో దళిత, ఆదివాసీ విద్యార్థుల విదేశీ చదువుకు 20 లక్షల రూపాయల వరకు ఇచ్చే పథకం పేరు అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి. ఆ పేరు చెప్పడమంటే కులం చెప్పుకోవడమే. తలెత్తి చెప్పాల్సిన పేరును దాచి, బ్యాంకు రుణమని దాటవేసే పిల్లలున్నారు.

తర్వాత వంటిల్లు. ఆ ఇళ్లలో వంతులుంటాయి: ఇవాళ ఒకరిది కూర, ఒకరిది అన్నం, ఒకరివి అంట్లు. ఆదివారం కోడికూర. విశ్వవిద్యాలయ భోజనశాలలో అతి సాధారణమైన గొడ్డు మాంసం మాత్రం ఈ తెలుగు గడప దాటి లోపలికి రాకూడదు. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విద్యార్థులు బీఫ్ ఫెస్టివల్ జరిపినప్పుడు క్యాంపస్‌లో ఎంత ఘర్షణ చెలరేగిందో ఈ పుట పాఠకులు మరిచి ఉండరు. అక్కడ ఘర్షణ ఉండదు. బయట తిని, ఇంట్లో చెప్పకుండా ఉండడం అలవాటవుతుంది. ఒకే పొయ్యి మీద ఎవరి రుచికి హక్కుంది, ఎవరి రుచికి సిగ్గుండాలి అన్న ప్రశ్న ఖండాలు దాటినా తీరలేదన్నమాట.

నచ్చకపోతే గది మారొచ్చు కదా అనేవారికి ఆ బతుకు లెక్కలు తెలియవు. ఎఫ్-1 వీసా మీద వెళ్లినవారు తరగతులు జరిగే కాలంలో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. ఆ పని భోజనశాలలో పళ్లేలు కడగడం కావచ్చు, గ్రంథాలయంలో కూర్చోవడం కావచ్చు. ఒక సీనియర్ చదువు ముగించి వెళ్తుంటే అది ఖాళీ అవుతుంది, ఆ కబురు ముందుగా అందేది అతని గదివాళ్లకే. బస్సు సరిగా తిరగని ఊళ్లో సరుకులు తెచ్చుకోవాలన్నా సీనియర్ కారే దిక్కు. సెప్టెంబరు ఉద్యోగ మేళాలు, వేసవి ఇంటర్న్‌షిప్పుకు ఒకరు చెప్పాల్సిన మంచిమాట, అన్నీ ఈ తోవలోనే నడుస్తాయి. ఊళ్లో కులం మడిగా, వాడగా కనిపిస్తుంది. అక్కడ అది పరస్పర సహాయం వేషంలో ఉంటుంది, అందుకే పట్టుకోవడం కష్టం. రిజర్వేషన్ల మీద ఎవరో జోకు వేస్తే దళిత విద్యార్థి నవ్వి ఊరుకోవడాన్ని పిరికితనమనడం అన్యాయం. అతను వచ్చే నెల అద్దె గురించి ఆలోచిస్తున్నాడు.

1913 జులైలో న్యూయార్క్‌లో దిగిన అంబేడ్కర్ కూడా మొదట గదులే మారారు. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ ఇచ్చిన నెలకు పదకొండున్నర పౌండ్ల ఉపకార వేతనంతో కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరి, హార్ట్‌లీ హాల్‌లో కొద్ది రోజులు, కాస్మోపాలిటన్ క్లబ్‌లో కొంతకాలం ఉండి, ఆపై లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థితో గది పంచుకున్నారు. ఆ స్నేహం ఆ తర్వాతా నిలిచింది. విదేశాల్లో గడిపిన ఏళ్లలో తాను అస్పృశ్యుడినన్న స్పృహే చెరిగిపోయిందని ఆయన తర్వాత రాసుకున్నారు. 1917లో బరోడాలో ఉద్యోగానికి వెళ్లి, ఉండడానికి చోటు దొరకక, పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగి, కర్రలు పట్టుకొచ్చిన గుంపు చేతిలో వెళ్లగొట్టబడినప్పుడు ఆ స్పృహ తిరిగొచ్చింది. అమెరికాకు సొంత అస్పృశ్యత లేదని కాదు, నల్లవారికి ఆ దేశం గీసిన గీత అప్పటికి చెక్కుచెదరలేదు. అయితే అంబేడ్కర్‌కు గది కోసం, పని కోసం ‘మనవాళ్ల’ దయ మీద ఆధారపడాల్సిన అగత్యం రాలేదు. ఇవాళ్టి విద్యార్థి దిగేది అమెరికాలోనే అయినా, బతికేది మనవాళ్ల మధ్య. కార్నెగీ సంస్థ 2020లో జరిపిన సర్వేలో భారతీయ అమెరికన్ హిందువుల్లో 47 శాతం తమకు ఒక కులం ఉందని చెప్పుకున్నారు. అలా చెప్పుకున్నవారిలో 83 శాతం జనరల్ లేదా అగ్రకులాల వారు.

పండుగలూ ఈ కాలంలోనే వస్తాయి. తంగేడు, గునుగు దొరకవు కనుక దుకాణంలో కొన్న చామంతులతో పేర్చిన బతుకమ్మ చుట్టూ ఆడపిల్లలు తిరుగుతుంటే ఆ సాయంత్రం నిజంగా అందంగా ఉంటుంది. ఇంటి మీద బెంగకు కులం లేదు. వేదిక మీద ఎవరు కూర్చుంటారన్న దగ్గర మాత్రం ఉంది. అక్కడి తెలుగు సంఘాల చీలికల వెనక ఏముందో బహిరంగ రహస్యమే. దసరా, దీపావళి ఉండే వాటి క్యాలెండర్లలో 1956లో అంబేడ్కర్ బౌద్ధం స్వీకరించిన అక్టోబరు 14కు చోటు దొరకడం అరుదు.

కొంత మార్పు వచ్చింది. 2019 డిసెంబరులో బ్రాండైస్ విశ్వవిద్యాలయం, 2022 జనవరిలో 23 క్యాంపస్‌ల కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ తమ వివక్ష నిరోధక నిబంధనల్లో కులాన్ని చేర్చాయి. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం చట్టం చేసింది. అదే ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్, ఉన్న చట్టాలే చాలునంటూ అలాంటి బిల్లును వీటో చేశారు. చాలునా? నిబంధనల్లో కులం అన్న మాట లేనిచోట ఫిర్యాదు చేయాలంటే విద్యార్థి మొదట తన కులం బయటపెట్టుకోవాలి, తర్వాత కులమంటే ఏమిటో అధికారికి పాఠం చెప్పాలి. ఆ మాట ఉంటే రెండో పనైనా తప్పుతుంది.

అయితే అక్కడి చట్టాల కన్నా ముందు ఇక్కడి ప్రభుత్వాలను అడగాల్సినవి ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి ఏడాదికి 125. 2022 మార్గదర్శకాల్లో భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజాలపై పరిశోధన చేసేవారికి అది వర్తించదని రాశారు. 1916 మే 9న కొలంబియాలో ‘భారతదేశంలో కులాలు’ అన్న పత్రం చదివిన విద్యార్థి ఈ నిబంధన కింద అనర్హుడు. తెలంగాణ విద్యానిధిలో మొదటి విడత ఆ దేశంలో దిగినట్టు ఆధారం చూపాక, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక. విమానం టికెట్టు, ఇంటి అడ్వాన్సు, మొదటి ఫీజు ఆలోగానే కట్టాలి. కూలి చేసే తల్లిదండ్రులు వాటిని వడ్డీకి తెస్తారు. విడత ఆలస్యమైన ప్రతి నెలా ఆ విద్యార్థి గదిలోని వారికి మరికొంత బాకీ పడతాడు, మరికొంత మౌనంగా ఉంటాడు. మొదటి విడతను వీసా చేతికి రాగానే చెల్లించడానికి కొత్త చట్టమేదీ అక్కర్లేదు, మార్గదర్శకాల్లో ఒక వాక్యం మారిస్తే సరిపోతుంది. వచ్చే ఫాల్ సెమిస్టర్‌కు వెళ్లేవారు ఇప్పటికే దరఖాస్తులు నింపుతున్నారు.