పిల్లికి పారాసెటమాల్ విషం

జ్వరానికీ ఒళ్లునొప్పులకూ మనుషులు వేసుకునే పారాసెటమాల్ పిల్లికి ప్రాణాంతకం. కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు పడినా పిల్లికి విషమెక్కవచ్చు. నాలుగు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల మాత్రలో పన్నెండో వంతు చాలన్నమాట. ‘పసిపిల్లలకు పోసేదే కదా’ అని పట్టే సిరప్‌తో కూడా ముప్పే. 5 మిల్లీలీటర్లలో 120 మిల్లీగ్రాములుండే రకమైతే ఒక్క చెంచాతో ఆ మోతాదుకు మూడింతలు లోపలికి పోతుంది.

చిక్కు మోతాదులోనే కాదు, పిల్లి ఒంటి తీరులోనూ ఉంది. మనిషి కాలేయం ఈ మందులో చాలా భాగాన్ని గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి మూత్రంలోకి పంపేస్తుంది. అందుకు కావలసిన ఒక ఎంజైమ్ జన్యువు పిల్లుల్లో ఎప్పుడో పాడైపోయింది. పులులు, సింహాలదీ అదే కథ. మాంసమే తినే జంతువుకు మొక్కల్లోని విషాలను వదిలించుకునే అవసరం అంతగా లేకపోవడమే కారణం కావచ్చు. ఆ దారి లేక మందు విషపదార్థాలుగా మారి ఎర్రరక్తకణాల మీద పడుతుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయలేని స్థితికి చేరుతుంది. కొన్ని గంటల్లోనే గులాబీరంగు చిగుళ్లు చాక్లెట్ రంగుకు తిరుగుతాయి. ముఖం, పాదాలు వాస్తాయి. పిల్లి ఆయాసపడుతూ ఓ మూల నక్కుతుంది.

కుక్క పారాసెటమాల్‌ను కొంత తట్టుకుంటుంది, మోతాదు మించితే మాత్రం కాలేయం దెబ్బతింటుంది. దానికి అంతకంటే పెద్ద గండం ఐబుప్రోఫెన్. నొప్పిని పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలే కడుపు లోపలి పొరనూ మూత్రపిండాలకు రక్తప్రసారాన్నీ కాపాడుతుంటాయి. మందు వాటిని అణిచేస్తే కడుపులో పుండ్లు పడతాయి, తారులాంటి నల్లటి విరేచనం అవుతుంది, మూత్రపిండాలు మొరాయిస్తాయి. ఎవరూ వేయకపోయినా, పైపూత తియ్యగా ఉండే మాత్రలను కుక్క స్ట్రిప్‌తో సహా నమిలేస్తుంది. కాంబిఫ్లామ్ వంటి మాత్రలో ఈ రెండు మందులూ కలిసే ఉంటాయి.

మింగనక్కర్లేదు కూడా. యజమాని వాడిన ఫ్లర్‌బిప్రోఫెన్ అనే నొప్పి పూతమందు వల్ల పిల్లులు జబ్బుపడి చనిపోయాయని 2015లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మోకాలికి రాసుకున్న జెల్‌ను పిల్లి నాకినా, అది అంటిన ఒళ్లో పడుకుని ఆనక తన బొచ్చు శుభ్రం చేసుకున్నా మందు లోపలికి పోయినట్టే.

మందు లోపలికి పోయిందని ఉప్పునీళ్లు పట్టి వాంతి చేయించడం కొత్త ప్రమాదం, ఆ ఉప్పే విషమవుతుంది. చికిత్సకు గంటలు కూడా లెక్కే కాబట్టి లక్షణాల కోసం ఆగకుండా, మిగిలిన స్ట్రిప్‌తో పశువైద్యుడి దగ్గరకు వెళ్లాలి. ఎంత, ఎప్పుడు తిన్నదో చెప్పాలి. పారాసెటమాల్‌కు విరుగుడు ఉంది: మనుషులకూ వాడే ఎన్-ఎసిటైల్‌సిస్టీన్. ఐబుప్రోఫెన్‌కు అలాంటి విరుగుడు లేదు. సెలైన్ ఎక్కించి, కడుపునూ మూత్రపిండాలనూ కాపాడుకుంటూ రావడమే.