వరుసలో తోడుగా ఒక ఏడాది

మక్కా నగరానికి సరుకు తెచ్చిన యెమెన్ వర్తకుడొకడు తనకు రావలసిన సొమ్ము రాక దిక్కుతోచక నిలబడ్డాడు. సరుకు కొన్న ఆస్ బిన్ వాయిల్ ఊరిలో పలుకుబడి గలవాడు. పరదేశి మొర ఎవరు వింటారు? చివరికి ఆ వర్తకుడు అబూ ఖుబైస్ కొండ ఎక్కి తన గోడు వినిపించాడని సీరత్ గ్రంథాలు చెబుతున్నాయి. అప్పుడు ఖురైష్‌లో కొందరు అబ్దుల్లా బిన్ జుద్‌ఆన్ ఇంట సమావేశమై, బాధితుడు ఏ ఊరివాడైనా అతని హక్కు అతనికి దక్కేదాకా అండగా నిలుస్తామని ప్రమాణం చేశారు. అదే హిల్ఫుల్ ఫుజూల్. దైవప్రవక్త ముహమ్మద్ (స) కూడా ఆ ఒప్పందంలో పాల్గొన్నారు. అప్పటికి ఆయన వయస్సు దాదాపు 20 ఏళ్లు. దైవదౌత్యం లభించిన తర్వాత కూడా ఆయన దానిని ప్రీతితోనే గుర్తు చేసుకునేవారు.

ఈ ఘట్టంలో ఒక్క విషయాన్ని మేము పదే పదే చర్చించుకున్నాము. ఆ వర్తకునికి ఎవరూ దానం చెయ్యలేదు. బాకీదారు గుమ్మం దాకా అతని పక్షాన నడిచి వెళ్ళారు, అతని సొత్తు అతనికి ఇప్పించారు.

హైదరాబాద్ పాతబస్తీలో ఒక రమజాన్ నుండి మరుసటి రమజాన్ వరకు మేము తొమ్మిదిమందిమి చేసిన పని కూడా ఇంచుమించు అటువంటిదే. మాలో ఐదుగురు యువతులు, నలుగురు యువకులు. కొందరు పాతబస్తీలోనే పుట్టి ఉర్దూ మాధ్యమంలో చదివినవారు. మిగిలినవారు కర్నూలు, ఖమ్మం, నిజామాబాద్ ప్రాంతాల నుండి చదువుకో, ఉద్యోగానికో వచ్చినవారు. మస్జిద్ కమిటీ పెద్దలు కింది అంతస్తులో ఒక గది, రెండు బల్లలు ఇచ్చారు. స్త్రీలు వచ్చి వెళ్ళేందుకు వేరే ద్వారం ఉంది. జుహ్ర్ నుండి అస్ర్ వరకు రోజూ ఇద్దరం, ఆదివారాలు అందరం. మొదటి రోజే రెండు నియమాలు పెట్టుకున్నాము: వచ్చినవారి మతం, మస్లక్ అడగరాదు, ఎవరి ఫోటో తీయరాదు.

వచ్చినవారు అన్నం అడిగినది తక్కువ. వారి చేతుల్లో కాగితాలుండేవి.

కార్యాలయాల్లో ఉర్దూ పేర్లు పడే పాట్లు మన పాఠకుల్లో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది. ఉర్దూలో ‘జ’కు దగ్గరి ఒకే ధ్వనికి జే, జాల్, జ్వాద్, జోయ్ అని నాలుగు అక్షరాలున్నాయి. ఆ ధ్వనికి తెలుగులో ప్రత్యేకమైన అక్షరం లేదు. జరీనా అనే పేరును చెవితో విని కంప్యూటరులో ఎక్కించేవారు ఒకచోట ఇంగ్లీషు ‘జెడ్’తో, మరొకచోట ‘జె’తో మొదలుపెడతారు. ముహమ్మద్ అన్న శుభనామం మొహమ్మద్, మహమ్మద్, ఎమ్‌డి అని ఒకే ఇంట్లో మూడు రకాలుగా కనిపిస్తుంది. పెళ్ళికి ముందు బీ, తర్వాత బేగం. ఇక చిరునామా సంగతి సరే సరి. ఏ మస్జిద్ వెనక సందు అని చెప్పటమే పాతబస్తీలో చిరునామా! ఈ తేడాల వల్లనే ఒకరికి 2007 నుంచి అమలవుతున్న 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్‌కు కావలసిన ధృవపత్రం ఆగిపోతుంది. మరొకరికి షాదీ ముబారక్ కింద రావలసిన 1,00,116 రూపాయలు ఆగిపోతాయి. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. కనుక ఏ కాగితాన్ని ఆధారం చేసుకొని ఏది సరిదిద్దాలో తేల్చుకోకుండా మీసేవ కేంద్రానికి పరుగెత్తితే ఆ అవకాశం వృథా అవుతుంది. ఒక్కొక్క కుటుంబం కాగితాలన్నీ చాప మీద పరచి, అక్షరం అక్షరం పోల్చి చూడటానికే ఒక మధ్యాహ్నం గడిచిపోయేది.

ఇక్కడ తెలుగు చదువు అక్కరకు వచ్చింది. 2017లో తెలంగాణ శాసనసభ ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా చేసింది. అయినా ఇంటికి వచ్చే నోటీసు, కార్యాలయం గోడ మీది ప్రకటన చాలావరకు తెలుగులోనో, ఇంగ్లీషులోనో ఉంటాయి. ఖమ్మంలో తెలుగు మాధ్యమంలో చదివిన మా సోదరికి మొదట్లో బస్తీ ఉర్దూ సగమే అర్థమయ్యేది. నెల తిరగకముందే “ఆ తెలుగు బేటీ ఉందా?” అని అడుగుతూ వచ్చేవారు. తన వద్ద ఉన్న భాష కూడా అల్లాహ్ అప్పగించిన అమానతే అని ఆమెకు ఆ గదిలోనే అనిపించిందట.

అందరికంటే ఎక్కువగా మా మనసుల్లో నిలిచినది ఒక ఖాలా. లాడ్‌బజారు దుకాణాలకు లక్క గాజుల మీద రాళ్ళు అద్దే పని ఆమెది. ఆసుపత్రికి ఒక పూట వెళితే ఆ పూట కూలి పోయినట్లే. జమాదుల్ ఆఖిర్ మొదట్లో ఆమెకు క్షయ అని తేలింది. కనీసం ఆరు నెలలు మందు మానకుండా మింగాలి. ప్రభుత్వ కేంద్రాల్లో ఆ మందు ఉచితం. చిక్కంతా ఏమిటంటే, రెండు నెలలకే దగ్గు తగ్గుతుంది. నయమైందనుకొని మానేస్తే వ్యాధి మందుకు లొంగని రూపం దాల్చవచ్చు. ఆమెకు అంతకంటే పెద్ద భయం మరొకటి ఉంది. కూతురికి సంబంధం మాట్లాడుతున్నారు. “నా జబ్బు సంగతి తెలిస్తే ఆ పిల్ల బతుకు ఏమవుతుంది బేటీ?” అని ఏడ్చేది. అందుకే మా సోదరీమణుల్లో ఒకామె కూతురి స్నేహితురాలిలా ఆ ఇంటికి వెళ్ళి వచ్చేది. ఫోటో తీయరాదన్న నియమం విలువ ఆ ఇంటి గుమ్మంలో మాకు పూర్తిగా తెలిసింది. కుడిచేయి ఇచ్చినది ఎడమచేతికి తెలియరాదన్న బోధ ఇచ్చేవాని చిత్తశుద్ధికే కాదు, పుచ్చుకునేవాని పరువుకూ రక్ష.

క్షయ రోగుల పోషణకు కేంద్ర ప్రభుత్వం 2018 నుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తున్నది. ఖాలా ఖాతాలో పేరు ఒక తీరు, ఆధార్‌లో మరో తీరు. సొమ్ము పడలేదు. బ్యాంకుకు నాలుగుసార్లు తిరగవలసి వచ్చింది.

ఇంతలో రమజాన్ వచ్చింది. ఉపవాసం వద్దని వైద్యుడు చెప్పాడు. నలభై ఏళ్ళుగా ఒక్క రోజా విడవలేదని ఆమె పట్టుబట్టింది. మేము చెబితే వినే మాట కాదది. ఇమామ్ సాహెబ్‌ను తీసుకువెళ్ళాము. ఆయన పరదా ఇవతల కూర్చొని, రోగికి సడలింపు సూరె బఖరాలో అల్లాహ్ స్వయంగా ప్రసాదించినదేననీ, దానిని స్వీకరించటం కూడా విధేయతే అవుతుందనీ, స్వస్థత చేకూరాక ఖజా చేసుకోవచ్చుననీ ఓర్పుగా వివరించారు. చాలాసేపటికి లోపలి నుంచి, “అయితే సహరీకి మాత్రం లేస్తాను, పిల్లలకు వండిపెట్టాలి కదా” అన్న మాట వినిపించింది.

రమజాన్ కిట్లు పంచేవారిని మేము తక్కువ చెయ్యటం లేదు. ఆకలి కాగితంతో తీరదు. కానీ కెమెరా ముందు బియ్యం సంచీ పట్టుకొని నిలబడిన తల్లి ముఖం చూశాక, మా సమాజంలో సంచులు మోసేవారికి కొదువ లేదు, వరుసలో తోడు నిలబడేవారికే కొదువ అన్న అభిప్రాయం మాలో బలపడింది. తోడు నిలబడటంలో మెప్పు లేదు. ఉదయం ఎనిమిదికి ఓపీ చీటీ కోసం నిలబడి, మధ్యాహ్నం రెండింటికి “రేపు రండి” అనిపించుకొని రావాలి. అందులో విసుగు తప్ప ఏముందని మాలో ఒక సోదరుడు బాహాటంగానే అన్నాడు. అయినా ఏడాదంతా వచ్చాడు. పోటీ పరీక్షలకు చదువుతున్న మరొకతను, “రేపు నేను ఆ బల్లకు అవతల కూర్చుంటే ఇవతల ఉన్నవారు గుర్తుంటారు” అంటాడు. బస్తీ ఏం మారిందని అడిగిన తండ్రికి మాలో ఒకామె జవాబు చెప్పలేదు. మరుసటి ఆదివారం ఆయననే గదికి తీసుకువచ్చింది. ఆయన ఇప్పుడు పింఛను దరఖాస్తులు నింపుతున్నారు!

తొమ్మిదిమందిలో ముగ్గురు ఈ షవ్వాల్‌తో విరమిస్తున్నారు. ఒకరికి పుణెలో ఉద్యోగం, ఒకరికి వివాహం, ఒకరికి పరీక్షలు. వారి స్థానంలో నలుగురు కొత్తవారు పేర్లిచ్చారు. అందులో ఒకమ్మాయి కిందటేడు తన ధృవపత్రం కోసం ఇదే గదికి వచ్చినది. ఖాలా ఖాతా సరి అయింది, సొమ్ము పడటం మొదలైంది. ఆమె చివరి కఫం పరీక్ష జిల్‌ఖాదా నెలాఖరున ఉంది. ఆ రోజు వెంట వెళ్ళేది ఎవరో నోటు పుస్తకంలో ఇప్పటికే రాసి ఉంచాము.