ఫలితాల రోజు సైటు ఎందుకు మొరాయిస్తుంది?

ఇంటర్ ఫలితాల రోజు గాజువాక నుంచి మధురవాడ దాకా అందరి చేతుల్లో ఫోన్లే. పేజీ మాత్రం తెరుచుకోదు! దీనికి ఒక కారణం ఏమిటంటే, తాళం గుర్తున్న సైటు కొత్తగా వచ్చే ప్రతి ఫోన్‌తోనూ ముందు రహస్య తాళంచెవి కుదుర్చుకోవాలి. సర్వర్‌కు అది బరువైన లెక్క.

అందుకే ఒకసారి కుదిరాక ‘టికెట్’ ఇస్తుంది. స్టీల్‌ప్లాంట్ గేటు పాస్ లాంటిదన్నమాట. మళ్లీ వస్తే తనిఖీ తేలిక. అయితే మొదటిసారి వచ్చేవాళ్లకు పాసుండదుగా! ఫలితాల రోజు వాళ్లే ఎక్కువ.

సర్వర్లు పది ఉంటే, ఒకటిచ్చిన పాసును మిగతావీ గుర్తించాలి. అందుకు టికెట్ల తాళంచెవి అన్నింటికీ ఒకటే ఉండాలి. అది దొంగల చేతికి చిక్కితే ముప్పే. అందుకే దాన్ని తరచూ మార్చాలి. 2018 నాటి టీఎల్‌ఎస్ 1.3 ప్రకారం టికెట్ గడువు 7 రోజులు దాటకూడదు. వేగం కావాలి నిజమే, కానీ తాళం పోగొట్టుకుని కాదు.