పాత పాల లారీలో ఎ.బి.ఎస్. దీపం

మన సంఘాల పాలు నగరానికి చేరేది చాలావరకు అద్దె వాహనాలలోనే. కామారెడ్డి, తూప్రాను వైపు నుండి 44వ నంబరు జాతీయ రహదారి మీద వచ్చే ట్యాంకర్లు మేడ్చల్ దాటి కండ్లకోయ దగ్గర ఔటర్ రింగు రోడ్డును కలుస్తాయి. అంతదాకా ఒకే ఊపులో వచ్చిన బండి అక్కడ కాలేజీ బస్సులు, ఆటోల మధ్య నెమ్మదించాలి. బ్రేకుల సంగతి తేలేది అక్కడే.

ఆ కూడలి దగ్గర ఆగిన ఒక అద్దె ట్యాంకరు డ్రైవరును, "ఎ.బి.ఎస్. దీపం వెలుగుతలేదేమి తమ్మీ?" అని అడిగాము. "ఎప్పటికీ వెలుగుతున్నదని బల్బే తీసేసినం సార్" అన్నాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాటే.

ఎ.బి.ఎస్. అంటే బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఏర్పాటు. బిగుసుకున్న చక్రం తిరగదు, జారుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. చక్రం హబ్బుకు ఒక పళ్ల చక్రం, దాని ఎదురుగా ఒక సెన్సారు ఉంటాయి. చక్రం వేగాన్ని సెన్సారు కంట్రోలు పెట్టెకు తెలుపుతుంది. చక్రం ఆగిపోబోతున్నదనగానే ఆ పెట్టె వాల్వు ద్వారా బ్రేకు గాలిని సెకనులో అనేకసార్లు వదిలి, మళ్లీ పట్టిస్తుంది. మన దేశంలో 2015 అక్టోబరు తర్వాత తయారైన పెద్ద లారీలకు ఇది తప్పనిసరి. ఆనాటి బండ్లే ఇప్పుడు పాతబడి మన సంఘాలకు అద్దెకు వస్తున్నాయి.

నిండు ట్యాంకరుకే ప్రమాదం ఎక్కువని చాలామంది అనుకుంటారు. పదివేల లీటర్ల పాలు సుమారు 10,300 కిలోలు తూగుతాయి కనుక బండి ఆగడానికి ఎక్కువ దూరం పట్టే మాట నిజమే. కాని చక్రాలు తేలికగా బిగుసుకునేది పాలు దింపి ఖాళీగా తిరిగివచ్చేటప్పుడు. బరువు లేని వెనుక చక్రాలకు రోడ్డుపై పట్టు తక్కువ. తొలకరి జల్లుకు దుమ్ము, నూనె కలిసి రోడ్డు జారుతున్నప్పుడు బండి వెనుకభాగం పక్కకు తిరుగుతుంది. సగం నిండిన ట్యాంకరులో పాలు ముందుకు ఊగి తోయడం మరో చిక్కు.

దీపం వెలగగానే పెద్ద ఖర్చని యజమానులు భయపడతారు. తరచు కనిపించే లోపం చాలా చిన్నది. బేరింగుకు గ్రీజు పెట్టినప్పుడో, లైనర్లు మార్చినప్పుడో సెన్సారు కొంచెం వెనక్కు జరుగుతుంది. పని ముగిశాక దాన్ని తిరిగి ముందుకు నెట్టడం మరచిపోతారు. చక్రాన్ని జాకీపై లేపి, సెన్సారును చేత్తో పళ్ల చక్రానికి తగిలేదాకా నెట్టి, చక్రం తిప్పితే కావలసిన సందు అదే ఏర్పడుతుంది. సుత్తితో కొట్టరాదు. మీటరు ఉన్న మెకానిక్కు చక్రాన్ని రెండు సెకన్లకు ఒక చుట్టు చొప్పున తిప్పి చూస్తే కనీసం 0.2 వోల్టు ఏ.సి. కనబడాలి. సందు సరిచేసినా మళ్లీ జరిగిపోతుంటే బేరింగు లూజుగా ఉన్నట్టే. అప్పుడు సెన్సారును తిట్టి లాభం లేదు.

మన బండ్లలో ఇంకో ఇబ్బంది కడుగుడు. ట్యాంకరును రోజూ నీళ్లతో, సోడాతో కడుగుతాము. ఆ తడి వైర్ల జాయింట్లలో చేరి చిలుము పడుతుంది. ఎలుకలు కొరికిన వైర్లూ ఉంటాయి. ఫ్యూజు, బ్యాటరీ కూడా చూడాలి. ఇవన్నీ చూశాకనే వాల్వు, కంట్రోలు పెట్టె మార్చే మాట.

బండి అద్దెకు కుదుర్చుకునేటప్పుడు కార్యదర్శులు బీమా కాగితాలతోపాటు తాళం కూడా తిప్పించి చూడాలని మా మనవి. దీపం మొదట వెలగాలి, కొన్ని సెకన్లకో బండి కదిలాకనో ఆరాలి. అసలే వెలగకపోతే ఎవరో బల్బు తీశారేమో విచారించండి. 2015కు ముందటి బండ్లలో చాలావాటికి ఈ ఏర్పాటే లేదు, అది ముందే తెలిసి డ్రైవరు నెమ్మదిగా నడపాలి.

పాలతో వస్తుండగా దారిలో దీపం వెలిగితే కంగారు వద్దు. మామూలు బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి. వేగం తగ్గించి, ముందు బండికి ఎక్కువ దూరం వదిలి డెయిరీకి చేరవచ్చు. అయితే గాలి మీటరు ముల్లు కూడా పడిపోతుంటే అది వేరే జబ్బు. బండిని పక్కకు ఆపి, పాలను మరో ట్యాంకరులోకి మార్పించండి.