‘సొంత డబ్బా’ తెలిస్తే ఇడియమ్ వచ్చినట్టే!

‘ప్రాజెక్టు ఫెయిలైతే.. ఆర్ యూ రెడీ టు ఫేస్ ది మ్యూజిక్?’ అని ఇంటర్వ్యూలో అడిగారనుకోండి. ‘యస్ సర్, ఐ లైక్ మ్యూజిక్’ అనేస్తే ఎలా ఉంటుంది? ఇక్కడ పాటల ప్రసక్తే లేదు. చేసిన పనికి వచ్చే చీవాట్లకో, ఫలితానికో ఎదురు నిలబడతారా అని అడుగుతున్నారంతే. విడివిడిగా ప్రతి మాటా తెలిసినదే, కలిపితే అర్థం మారిపోతుంది. ఇడియమ్‌తో వచ్చే చిక్కే ఇది.

అమలాపురం, రాజోలు, కొత్తపేటల నుంచి ఏ హైదరాబాద్‌కో బెంగళూరుకో ఇంటర్వ్యూకు వెళ్లే ముందు వంద ఇడియమ్స్ లిస్టు బట్టీ పడుతున్నారా? నాలుగు రోజుల్లో ఆవిరైపోతుంది. దానికి బదులు మీరు చిన్నప్పటి నుంచీ వింటున్న సంగీతానికే వాటిని ముడివేయండి. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మేళాలు, పెళ్లి ఊరేగింపులో బ్యాండు.. మన కోనసీమలో వీటికి కొదవా? 2024లో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ సినిమా కూడా ఇక్కడి బ్యాండు కథే కదా!

తెలుగులో ఉన్నవే..

* బ్లో యువర్ ఓన్ ట్రంపెట్: ఎవరి బూర వాళ్లే ఊదుకోవడం. అచ్చంగా మన ‘సొంత డబ్బా’.
* సౌండ్ లైక్ ఎ బ్రోకెన్ రికార్డ్: చెప్పిందే చెప్పడం. ‘పాడిందే పాడరా పాచిపళ్ల దాసరీ’ గుర్తొచ్చిందా?
* చేంజ్ యువర్ ట్యూన్: నిన్నటి మాట ఇవాళ మార్చేయడం.
* ఇట్ టేక్స్ టు టు టాంగో: టాంగో ఇద్దరు కలిసి చేసే నృత్యం. మనమైతే రెండు చేతులూ కలిస్తేనే చప్పట్లు అంటాం.
* ఫర్ ఎ సాంగ్: కారుచౌకగా. కొబ్బరి ధర పడిపోయి, దింపు కూలి కూడా గిట్టక రైతు వచ్చిన రేటుకే కాయలు అమ్ముకున్నాడంటే, అది ‘ఫర్ ఎ సాంగ్’.

ఇక్కడ జాగ్రత్త!

ప్లే ఇట్ బై ఇయర్: నొటేషన్ చూడకుండా విన్నది విన్నట్టు వాయించడం దీనికి మూలం. కొత్త సినిమా పాటను చెవితో పట్టేసి వాయించే బ్యాండు కళాకారుణ్ని తలచుకోండి. ఇప్పటి అర్థం, ముందే ప్లాన్ వేసుకోకుండా పరిస్థితిని బట్టి నడుచుకోవడం. ‘అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారు?’ అన్న ప్రశ్నకు మాత్రం దీన్ని వాడకండి. ఆలోచనే లేదనుకుంటారు.

ప్లే సెకండ్ ఫిడిల్: మన కచేరీల్లో పక్కవాద్యానికి గౌరవం ఎక్కువ. శంకరగుప్తంలో 1930లో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గాత్రంలో అంత పేరు పొంది కూడా వయోలా, మృదంగం, కంజీర వాయించారు. ఇంగ్లిష్‌లో మాత్రం ‘సెకండ్ ఫిడిల్’ అంటే ఇంకొకరి కింద, తక్కువ స్థానంలో ఉండటం. ‘టీమ్‌లో కలిసి పనిచేస్తాను’ అని చెప్పడానికి ఇది పనికిరాదు. ‘ఐ వర్క్ వెల్ ఇన్ ఎ టీమ్’ అంటే చాలు.

పరీక్షలో..

ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు సమాధానానికి అర మార్కు కోత. ఇడియమ్స్ నుంచీ ప్రశ్నలు వస్తాయి. ఆప్షన్లలో మాటకు మాట అర్థం ఒకటి కనిపిస్తే వెంటనే టిక్ పెట్టకండి. చాలాసార్లు అది వలే.

ఇంటర్వ్యూలో..

ఇడియమ్స్ కుప్పలు పోయనక్కర్లేదు. అవతలివారు వాడితే అర్థమైతే చాలు. మీ నోట ఒకటి సహజంగా వస్తే సరే, లేదంటే మామూలు మాటే మేలు. అర్థం కాకపోతే ‘కుడ్ యూ ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దట్?’ అని అడగండి. తెలియనిది అడగడం నామోషీ కాదు. ఊహించి తప్పు చెప్పడమే నష్టం.

ఇంకో మాట. ‘డబ్బా కొట్టుకుంటున్నాడు అనుకుంటారేమో’ అని మనలో చాలామంది చేసిన పని కూడా చెప్పుకోరు. ‘ఐ యామ్ ద బెస్ట్’ అనడం ట్రంపెట్. కాలేజీ ఫెస్ట్‌లో మీరు చూసుకున్న లెక్కలు, నడిపిన టీమ్ గురించి ఉన్నదున్నట్టు చెప్పడం ట్రంపెట్ కాదు, సమాధానం. మీరు చెప్పకపోతే వాళ్లకు తెలిసేదెలా?

ఇలా సాధన చేయండి

రోజుకు రెండే ఇడియమ్స్. ఒక్కోదానికి మీ ఊరి సంఘటనతో ఒక వాక్యం రాయండి. బస్సులో కాలేజీకి వెళ్తూ ఫ్రెండ్‌కి పైకి చెప్పండి. ఆదివారం ఆ వారం నేర్చుకున్నవన్నీ పుస్తకం చూడకుండా రాయండి.

చెప్పండి చూద్దాం

1. రింగ్ ఎ బెల్ 2. పుల్ అవుట్ ఆల్ ది స్టాప్స్ 3. మ్యూజిక్ టు మై ఇయర్స్

జవాబులు: 1. ఎక్కడో విన్నట్టు అనిపించడం 2. సర్వశక్తులూ ఒడ్డడం 3. వినగానే ప్రాణం లేచివచ్చే కబురు.

మూడోది ఎప్పుడు వాడతారంటారా? ‘యూ ఆర్ సెలెక్టెడ్’ అన్నప్పుడు!