బరువైన మోటారు సైకిలును లిఫ్టు బల్లపైకి ఎక్కించుట

మోటారు సైకిళ్లు బాగుచేయు షెడ్డులలో లిఫ్టు బల్లను మీరు చూచియుందురు. బండిని దానిపై నిలిపినచో మెకానిక్కు నడుము వంచకుండ పని చేసికొనగలడు. బల్లను పైకి లేపుట యంత్రము వంతు. బండిని బల్లపైకి ఎక్కించుట మాత్రము మనుష్యుల వంతు. జాగ్రత్త కావలసినది ఇక్కడనే.

రాయల్ ఎన్‌ఫీల్డు క్లాసిక్ 350 బండిని తీసికొందము. పెట్రోలు, ఆయిలుతో కలిపి దాని బరువు సుమారు 195 కిలోగ్రాములు. పూర్తిగా దించిన బల్ల నేలనుండి 20 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదనియు, దాని అంచుకు 80 సెంటీమీటర్ల పొడవుగల ర్యాంపు తగిలించితిమనియు అనుకొందము. ఈ ర్యాంపు ఒక వాలుతలము. దాని ఎత్తు పొడవులో నాల్గవ వంతు. ఘర్షణను లెక్కింపకున్నచో, నెట్టవలసిన బలము కూడ వాలు ఎక్కు బరువులో నాల్గవ వంతే. 1586లో సైమన్ స్టెవిన్, వాలుతలముపై గుండ్ల దండను ఊహించి ఈ సూత్రమును నిరూపించెను.

ఈ బండి చక్రముల నడుమ దూరము 139 సెంటీమీటర్లు. ర్యాంపు అంతకంటె పొట్టిది గనుక ఒకసారి ఒక చక్రమే వాలు ఎక్కును. ఒక్కొక్క చక్రము మోయునది సుమారు సగము బరువు. కాబట్టి 25 కిలోగ్రాముల బరువుకు సమానమైన బలము చాలును. అయితే పని తగ్గలేదు. ఎట్లు ఎక్కించినను సుమారు 382 జౌళ్ల పని చేయవలసినదే.

మరి చిక్కు ఏమి? బండి పక్కకు ఒరుగుట. గరిమనాభి చక్రముల అడుగునుండి అర మీటరు ఎత్తున, హ్యాండిలు ఒక మీటరు ఎత్తున ఉన్నవనుకొందము. బండి 5 డిగ్రీలు ఒరిగినపుడు హ్యాండిలువద్ద దానిని ఆపుటకు 8.5 కిలోగ్రాముల బరువుకు సమానమైన బలము చాలును. 20 డిగ్రీలు ఒరిగినచో 33 కిలోగ్రాములకు సమానమైన బలము కావలెను. ఒరిగినకొలది భారము పెరుగును. పైగా బండి బల్లపైకి ఎక్కగా హ్యాండిలు మరి 20 సెంటీమీటర్లు లేచును. పట్టుకొన్నవాని పాదములు మాత్రము నేలపైననే ఉండును. బల్ల ఇరుకైనచో దానిపై అడుగు వేయుటకు చోటుండదు.

కావున ఇద్దరు పూనుకొనవలెను. ఒకరు హ్యాండిలు పట్టి బండిని నిటారుగా నడుపుచు, ముందు బ్రేకుపై వేళ్లుంచవలెను; రెండవవారు వెనుకనుండి నెట్టవలెను. ర్యాంపు జారకుండ బల్లకు బిగించి, దానిపై ఆయిలు మరకలు లేకుండ తుడువవలెను. ఇంజను నడిపి ఎక్కించుట మంచిది కాదు. వెనుక చక్రము ర్యాంపును వెనుకకు తన్నును. ఎక్కిన వెంటనే ముందు చక్రమును బిగించి, రెండు పక్కల పట్టీలు కట్టిన తరువాతనే బల్లను లేపవలెను.

ఉపాధ్యాయులు దీనిని సైకిలుతో చూపవచ్చును. సైకిలును ఒకవైపు ఒరుగనిచ్చి, రెండవవైపునుండి హ్యాండిలును స్ప్రింగు త్రాసుతో పట్టుకొనుడు. కోణము పెరిగినకొలది త్రాసు ముల్లు దిగును. పొడవైన ర్యాంపు నెట్టుటను సులభము చేయును. ఒరుగుటను ఆపునది నిటారుగా పట్టిన చేయియే.