గినీ పిగ్గులకి గడ్డి, గూడు, తోడు

రండర్రా, ఇద్దరూ ఇలా వచ్చి నా పక్కన కూచోండి. ఆ పంజరం దగ్గర కాసేపు సందడి తగ్గిద్దాం. నిన్న సాయంత్రం వచ్చిన దగ్గర్నుంచీ గినీ పిగ్గులు రెండూ మూలకి నక్కి కదలడం లేదు కదా, దాన్ని చూసి బుజ్జి “తాతయ్యా, ఎంత బుద్ధిగా ఉన్నాయో” అంటోంది. పాపం, అవి భయంతో బిగుసుకుపోయాయమ్మా.

వాటి పూర్వీకులది దక్షిణ అమెరికా. పెరూ, బొలీవియా దేశాల్లో ఆండీస్ కొండల మీది గడ్డి నేలల్లో గుంపులుగా మేసే జాతి. కొన్ని వేల ఏళ్ల కిందటే అక్కడి జనం మాంసం కోసం వాటిని ఇళ్లల్లో పెంచారు. 16వ శతాబ్దంలో ఓడలెక్కి యూరప్ చేరాయి. వాటికి కొమ్ముల్లేవు, చెట్టెక్కలేవు, ఎదురు తిరిగి పోరాడే బలమూ లేదు. ఆకాశంలో గద్ద నీడ కనిపిస్తే రెండే దార్లు: గడ్డిలో కదలకుండా ఉండిపోవడం, లేదా చటుక్కున దాక్కోవడం. ఇన్ని వేల ఏళ్లు మనిషి దగ్గర పెరిగినా ఆ భయం ఒంట్లోంచి పోలేదు. పైనుంచి మీ చెయ్యి దిగితే వాటికి గద్ద దిగినట్టే. అందుకే ఈ వారం ఎత్తుకోవడాలు వద్దు. నేల మీద కూచుని, పక్కనుంచి కొత్తిమీర రెమ్మ చాపి ఊరుకోండి. ముందు ముక్కు అల్లాడుతుంది, తర్వాత మీసాలు, ఆ తర్వాత మెడ సాగుతుంది. రెమ్మ లాక్కుని పారిపోయినా సరే, ఇవాళ్టికి అదే చాలు.

అవి దాక్కోవడానికి అట్టపెట్టెలు రెండు తెచ్చి, ఒక్కోదానికి రెండేసి గుమ్మాలు కొయ్యండి. ఒకటే గుమ్మం ఉంటే ఒకటి అడ్డంగా కూచుని రెండోదాన్ని లోపల ఇరికించేస్తుంది.

జంటగా ఎందుకు తెచ్చామంటే అవి ఒంటరిగా బతికే జీవులు కావు. స్విట్జర్లాండ్‌లో 2008లో చట్టమే చేశారు, గినీ పిగ్‌ని ఒంటరిగా పెంచకూడదని. ఇవి కాసేపు తరుముకుంటాయి, గుర్రుమంటూ నడుం ఊపుకుంటూ తిరుగుతాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. ఎవరు పెద్దో తేల్చుకుంటున్నాయన్న మాట, మనం అడ్డం వెళ్లకూడదు. పళ్లు గట్టిగా టకటకలాడిస్తే మాత్రం కోపం. రక్తం వచ్చేలా కరుచుకుంటే విడదియ్యాలి, అదీ మందపాటి తువ్వాలు అడ్డం పెట్టి. మరో సంగతి, అమ్మేవాళ్లు రెండూ ఆడవే అన్నారని నమ్మి ఊరుకోకూడదు, పశువుల డాక్టరుకి చూపించాలి. ఆడ గినీ పిగ్‌కి నెల నిండేసరికే కడుపు రావచ్చు. పుట్టే పిల్లలు బొచ్చుతో, పళ్లతో, కళ్లు తెరుచుకునే పుడతాయి, ఒకటి రెండు రోజుల్లోనే గడ్డి కొరుకుతాయి.

తిండి విషయంలో నాకు పట్టుదల ఎక్కువ. రోజంతా గడ్డి ఉండి తీరాలి. వాటి పళ్లు మన గోళ్లలా బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, పీచున్న గడ్డి నమిలితేనే అరుగుతాయి. వరిగడ్డిలో సారం లేదు, అది పరుపుకి పనికొస్తుంది. పొట్లాల్లో వచ్చే తిమోతి ఎండుగడ్డి మంచిది. మందు కొట్టని చోట గరిక దొరికితే కడిగి పెట్టండి, ఆనందంగా తింటాయి. అప్పుడప్పుడూ వంగి తమ మెత్తటి పెంటికల్ని తామే తింటాయి, చూసి ఛీ అనకండి. గడ్డిలోని సారం ఒక్కసారికి అందదు, రెండోసారి పేగుల్లోంచి పంపి రాబట్టుకుంటాయి.

ఇక విటమిన్ సి. కుక్కా, పిల్లీ, ఎలుకా దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటాయి. గినీ పిగ్‌లో ఆ తయారీకి కావలసిన ఆఖరి ఎంజైము జన్యువు చెడిపోయి ఉంది. పచ్చగడ్డిలో విటమిన్ ఎప్పుడూ దొరికేది కాబట్టి ఆ లోటు వాటికి తెలియలేదు. మనకీ అదే జన్యువు చెడిపోయింది చిన్నా, ఈ లోటులో అవి మనకి చుట్టాలు! 1907లో నార్వేలో హోల్స్ట్, ఫ్రోలిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బెరిబెరి జబ్బు గురించి తెలుసుకోవాలని గినీ పిగ్గులకి ఉత్త ధాన్యం పెట్టి చూస్తుంటే, విటమిన్ సి లోటుతో చిగుళ్లు పాడయ్యే స్కర్వీ వచ్చిపడింది. నావికుల్ని వేలల్లో చంపిన జబ్బది. ఆ రోజు బల్ల మీద ఎలుకలుంటే ఆ సంగతి బయటపడేది కాదు. తర్వాత హంగేరీలో సెంట్-గ్యోర్గీ అనే శాస్త్రవేత్త తన దగ్గరున్న పదార్థం స్కర్వీని ఆపుతుందో లేదో గినీ పిగ్గుల మీదే తేల్చుకున్నాడు. అదే విటమిన్ సి, తమ ఊరి మిరపకాయల్లోంచి దాన్ని దండిగా తీశాడు. 1937లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. నారింజ తింటే మంచిదని డాక్టరు చెప్పే మాట వెనక ఈ చిన్న ప్రాణుల కష్టం ఉంది.

కాబట్టి రోజూ ఓ క్యాప్సికం ముక్క. జామకాయలో విటమిన్ ఎక్కువే గానీ తీపి కదా, ఎప్పుడైనా ఓ చిన్న ముక్క చాలు. నీళ్లల్లో విటమిన్ చుక్కలు వెయ్యకండి, అది త్వరగా పాడవుతుంది, రుచి మారి నీళ్లు తాగడం మానేస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప అసలే వద్దు.

మన విజయవాడ ఎండ వాటికి పెద్ద గండం. చెమట పట్టదు, 27 డిగ్రీలు దాటితే చాలు, అలిసిపోతాయి. బాల్కనీలో పంజరం పెట్టొద్దు. లోపల చల్లటి గదిలో, గాలి ఆడేచోట, కింద పలక రాయి ఒకటి వేసి ఉంచుదాం.

వచ్చే ఆదివారం నుంచి వారానికోసారి వంటింటి కాటా మీద తూచి రాసిపెట్టండి. జబ్బు చేసినా పైకి కనబడనివ్వవు, తూకమే ముందు చెబుతుంది. ఒక్క పూట తిండి మానేసినా ఆగకుండా డాక్టరుకి చూపించాలి, వాటి పేగు కదలడం ఆగిందంటే ప్రాణం మీదికొస్తుంది. మనుషులకిచ్చే పెన్సిలిన్, అమోక్సిసిలిన్ మాత్రలు పొరపాటున కూడా వెయ్యకండి, పేగులోని మంచి బ్యాక్టీరియా చచ్చి అవి చనిపోతాయి. మన పేటలో డాక్టర్లు ఎక్కువగా కుక్కల్నీ గేదెల్నీ చూసేవాళ్లే. గినీ పిగ్గులు తెలిసిన డాక్టరెవరో ఇవాళే నలుగురినీ అడిగి, నంబరు పంజరం పక్కన రాసిపెడదాం.